కొబ్బరికాయతో రెండోసారి తిరిగితే

నా ఉద్యోగం వీడియో గేములు ఆడి వాటిలో తప్పులు పట్టుకోవడం. చుట్టాల్లో ఎవరైనా అడిగితే అమ్మ "కంప్యూటర్లో పని" అని తొందరగా చెప్పేసి, కాఫీ తెస్తానని లోపలికి పోతుంది. ఆమెను తప్పుపట్టలేను. కర్నూల్లో అద్దె ఇంటి వెనకగదిలో కూర్చుని, పొద్దున్నుంచి ఒక బొమ్మ మనిషిని గోడకేసి నడిపిస్తూ ఉంటాను. వాడు గోడలోంచి అవతలికి పోతాడేమో చూడాలి. పోకపోతే ఆ పూట గోడ గెలిచినట్టు. పోతే నేను గెలిచినట్టు. పోయాడని రాసి పైకి పంపిస్తాను. పైవాళ్లు చదివి, "ఇది ఎంతమందికి జరుగుతుంది?" అని అడుగుతారు.

మొత్తం కథ ఈ ప్రశ్న దగ్గరే ఉంది. ఆటను తప్పులతో ఎందుకు వదిలారని తిట్టుకునేవాళ్లు, తయారుచేసినవాళ్లకు ఆ తప్పులు తెలియవనుకుంటారు. చాలావరకు తెలుసు. మేమే రాసిచ్చి ఉంటాం. కాని విడుదల తేదీ అని ఒకటుంటుంది. అది పెళ్లి ముహూర్తం లాంటిది. పందిట్లో కరెంటు పోయినా, వంటాయన సాంబారు మాడ్చినా, పెళ్లికొడుకు చెప్పు ఒకటి కనపడకపోయినా, ఆ ఘడియకు తాళి పడాల్సిందే. అందుకని ఆట మధ్యలో ఆగిపోయే తప్పుల్ని ముందు బాగుచేస్తారు. పరువు తీసేవాటిని టైముంటే చూస్తారు. ఎవరికో ఒకరికి ఎప్పుడో వచ్చే తప్పుల పక్కన "అరుదు" అని రాసి, తర్వాత అంటారు. ఆ తర్వాత అనే రోజు ఏ క్యాలెండర్లోనూ అచ్చువేయరు.

నేను దీన్ని అన్యాయం అనేవాణ్ణి కాదు. ఒక ఆటలో నడవడానికి అంతులేనన్ని దారులుంటాయి. అన్నింటిలో నడిచి చూసేదాకా వదలకూడదంటే ప్రపంచంలో ఒక్క ఆటా బయటికి రాదు, నాకు ఉద్యోగమూ ఉండదు. "అరుదు" అనే మాటను నేనే బోలెడుసార్లు రాశాను. ఆ అరుదైన మనిషి మా ఇంట్లోనే, నా పక్కగదిలో, లుంగీ కట్టుకుని పేపరు చదువుతుంటాడని మాత్రం అనుకోలేదు.

ఆయన మా నాయన. కడప వైపు మా ఊళ్లో ఆయనకొక చేను ఉంది. చేను కింద బండ ఉంది. మా జిల్లా బండను కోసి తీసుకుపోయి ఎక్కడెక్కడో వంటింటి గట్లకు పరుస్తారు. మా చేలోది మాత్రం దానికీ పనికిరాని పెళుసు బండ. ఆ బండలోకి నాయన బోర్లు వేయించాడు. ఎన్ని వేయించాడో మా ఇంట్లో ఎవరూ చెప్పరు. మా బోర్లకు అంకెలుండవు, గుర్తులుంటాయి. అన్న టెన్త్ రాసిన బోరు. నాకు పచ్చకామెర్లు వచ్చిన బోరు. అమ్మ గాజుల బోరు. ఒక్కదాంట్లోనూ నీళ్లు పడలేదు.

బోరు వేసేటప్పుడు అందరూ దుమ్మునే చూస్తుంటారు. తెల్లగా లేస్తే కింద ఎండుబండ. రంగు మారి, ముద్దగా పడితే నీళ్లు దగ్గర. నాయన మెడచుట్టూ తువ్వాలు వేసుకుని బండి పక్కనే నిలబడేవాడు. దూరంగా రమ్మంటే వచ్చేవాడు కాదు, తాను పక్కకుపోయిన నిమిషంలోనే నీళ్లు పడితే ఎలాగని. సాయంత్రానికి మనిషి మొత్తం తెల్లగా, పిండిమరలోంచి వచ్చినట్టు ఉండేవాడు. చివరికి బండివాళ్లు పైపులు సర్దుకుంటారు. సర్దుకునేటప్పుడు ఏ ఒక్కడూ చేను గలవాడి మొహం చూడడు. ఆ మర్యాద వాళ్లకు ఎవరు నేర్పారో తెలీదు.

చేనును కౌలుకు అడిగేవాడు కూడా లేక, నాయన దాన్నలాగే వదిలేసి మమ్మల్ని కర్నూలుకు తెచ్చాడు. ఎరువుల అంగట్లో గుమాస్తాగా చేరాడు. నీళ్లున్న రైతులకు మూటలు ఎత్తించి పంపే పని. దాని గురించి ఆయన ఎప్పుడూ బాధపడినట్టు చూళ్లేదు. "వాళ్లకు పడినాయి, మనకు పడలా. దానికేముండాదప్పా," అనేవాడు.

బాధపడింది మా అన్న. వాడు చిన్నప్పట్నుంచి హాస్టళ్లలో చదివాడు. బోర్ల సంగతి వాడికి సెలవుల్లో విన్నదే తప్ప, చేలో నిలబడి చూసింది తక్కువ. అందుకేనేమో వాడికి అది గుండెల్లో మిగిలిపోయింది. రోజూ చూసినవాణ్ణి, నాకు జోకులు మిగిలాయి. వాడు చదువైపోయాక, ఇద్దరు స్నేహితులతో కలిసి ఫోన్లో ఆడే ఆట ఒకటి తయారుచేస్తానన్నాడు. దేనిమీద అంటే బోర్లమీద. మన దగ్గరొక చేను ఉంటుంది. నీళ్లు వెతకాలి. బోరు వేయాలి. పడితే పైరు పచ్చబడుతుంది.

"ఇట్లాంటి ఆట ఎవురు ఆడతారన్నా? ఈ జిల్లాలో అందరూ ఉత్తపుణ్యానికే ఆడతాండారు గదా," అన్నాను.

"నాయనకు ఒక్కసారన్నా నీళ్లు పడేది చూపియ్యాల రా."

"ఫోన్లోనా?"

"చేలో చూపిచ్చేది నా చేతిలో లేదు గదా."

నా నోట్లో ఒక మాట సిద్ధంగానే ఉండింది. ఎందుకో మింగేశాను. ఆ రోజు ఒంట్లో బాగా లేదేమో.

ఆట బాగానే తయారైంది. ఎర్రమట్టి, రేగుచెట్టు, దూరంగా కొండ, దారిన పోయే బస్సు, మేకలు, మబ్బులు. నీళ్లు వెతకడానికి కొబ్బరికాయ. మా వైపు నీళ్లు చూసే మనిషి అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతాడు; నీళ్లున్నచోట కాయ లేచి నిలబడుతుందంటారు. అక్కడ రాయి పెడతారు. దాన్నే పాయింటు అంటారు. ఆటలోనూ అంతే. కాయతో చేను తిరిగితే, ఒకచోట కాయ లేస్తుంది, అక్కడ బోరు వేస్తే నీళ్లు. నిజమైన చేలకంటే చాలా దయగల ఏర్పాటు.

జీతం లేని టెస్టరుగా నేను దాన్ని నెలల తరబడి ఆడాను. మేక గోడలోంచి పోతోందని రాశాను. బస్సు స్టాపులో ఆగడం లేదని రాశాను. మబ్బు వస్తోంది, వాన పడటం లేదని రాశాను. చివర్లో ఇంకొకటి దొరికింది. కాయతో ఒకసారి తిరిగి, అది లేచాక, బోరు వేయకుండా మళ్లీ ఇంకోసారి తిరిగితే, నీళ్లున్న చోటు చెరిగిపోతోంది. చేలో ఇక నీళ్లే ఉండవు. కాయ మాత్రం ఎప్పటిలాగే ఎక్కడో ఒకచోట లేస్తూనే ఉంటుంది.

"అన్నా, కాయతో రెండుసార్లు తిరిగితే నీళ్లు పోతాండాయి."

"రెండుసార్లు ఎవుడు తిరుగుతాడ్రా? కాయ లేచినాక బోరెయ్యక ఇంకేం పని?"

"పనిలేనోడు తిరుగుతాడు. నేను తిరిగినా గదా."

"నువ్వు టెస్టరువు. మామూలు మనిషి తిరగడు."

"ఆ మాటకొస్తే మామూలు మనిషి ఈ ఆటే ఆడడు."

"ఉగాది దగ్గరకొచ్చేసినాది రా. ఉగాదికి వదుల్తాండామని అందరికీ చెప్పేసినాం. దాన్ని బాగుచెయ్యాలంటే చేను లెక్కంతా మళ్లీ కట్టాల. తర్వాత చూస్తాం లేప్పా."

వాడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ఆ మార్పు పెద్దదే. స్నేహితులిద్దరూ ఉద్యోగాలు మానుకుని కూర్చున్నారు, ఇళ్లలో మొహాలు మారుతున్నాయి. ఇంకో నెల ఆగితే ఆట ఉంటుంది, వాళ్లు ఉండరు. దాని పక్కన "అరుదు" అని రాసుకున్నాం. ఉగాది పచ్చడి తిని ఆటను వదిలాం.

మొదటి ఆటగాడు నాయన. అన్న స్వయంగా ఆయన ఫోన్లో ఎక్కించి, వేలు పట్టుకుని నేర్పించాడు. ఆయన దాన్ని అంగడికి తీసుకుపోయి, గిరాకీ లేనప్పుడు ఆడుకునేవాడు. సాయంత్రం రాగానే అన్న గుమ్మంలోనే పట్టుకునేవాడు.

"ఎట్లుండాది నాయనా?"

"శానా బాగుండాదప్పా. బండ తగిలినప్పుడు సప్పుడు అచ్చం అట్లే పెట్టినావు."

"తప్పులేమన్నా కనపడినాయా?"

"ఏమీ లేవే."

"బస్సు ఆగలేదు గదా?" నేను మధ్యలో దూరాను.

"మన బస్సు ఎప్పుడు ఆగిందిరా?"

"మేక గోడలో దూరతాది చూడు."

"మేక దూరకపోతే అది మేకెట్లయితాది?"

"మబ్బు వచ్చి వాన పడకుండా పోతాది."

నాయన నన్ను జాలిగా చూశాడు. "నువ్వు యాడ పుట్టినావురా?"

ప్రపంచంలో ఇంత చేతకాని టెస్టరు ఇంకొకడు ఉండడు. ఆయనకు మేం చేసిన తప్పులన్నీ లోకంలో ముందునుంచీ ఉన్నవే. అందరం నవ్వుకున్నాం. ఆ నవ్వులోనే అన్న అడిగాడు, "నీళ్లు పడినాయా నాయనా?"

"పడతాయిలే. తొందరేముండాది."

ఊరించడానికి అలా అంటున్నాడనుకున్నాం.

ఆటను పెద్దగా ఎవరూ ఆడలేదు. ఆడినవాళ్లలో కొందరు బస్సు గురించి తిట్టారు. స్నేహితుల్లో ఒకడు బ్యాంకు కోచింగుకు పోయాడు, ఇంకొకడు వాళ్ల మామ బండల వ్యాపారంలో చేరాడు. అన్నకు బెంగళూరులో ఉద్యోగం దొరికింది. బాగుచేస్తామనుకున్న తప్పులన్నీ అలాగే ఉండిపోయాయి. ఫోను చేసినప్పుడల్లా అన్న నాయనను అడుగుతూనే ఉన్నాడు, "ఆడతాండావా? నీళ్లు పడినాయా?" అని. నాయన అదే జవాబు చెప్పేవాడు. తర్వాత్తర్వాత అన్న అడగడం మానేశాడు. నాయన ఆట మానేశాడని అనుకున్నట్టున్నాడు.

మరుసటి ఏడు వేసవిలో నాయనకు దగ్గు పట్టుకుంది. అమ్మ కషాయాలు, మంత్రాలయం మొక్కు, నా జోకులు, అన్నీ వాడి చూశాం, తగ్గలేదు. మెట్లెక్కితే ఆయాసం. ఆసుపత్రికి తీసుకుపోతే, ఫోటో తీసి, ఊపిరితిత్తుల చుట్టూ నీళ్లు చేరాయని డాక్టరు చెప్పాడు.

నాయన నా వైపు తిరిగాడు. "సూసినావా? ఇన్నేండ్లు యాడ యాడనో ఎతికితి. పాయింటు నాలోనే ఉండాది."

డాక్టరుకు అర్థం కాలేదు. వీపులోంచి సూది పెట్టి ఆ నీళ్లు తీసేటప్పుడు, నాయన వంగి కూర్చుని, సీసాలోకి పడుతున్నవాటిని ఓరగా చూస్తూ, "ఎంత లోతులో పడినాయి సారూ?" అని అడిగాడు. నర్సమ్మ నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంది. నా జోకులు ఎక్కణ్ణుంచి వచ్చాయని ఎవరైనా అడిగితే ఆ సీసా చూపించేవాణ్ణి.

నీళ్లు తీసినకొద్దీ మళ్లీ చేరుతున్నాయి. వెనక ఇంకేదో ఉందన్నారు. ఏముందో వరండాలోకి పిలిచి నాకు చెప్పారు. వరండాలోకి పిలిచి మంచి వార్త చెప్పిన డాక్టరును నేనింతవరకు చూడలేదు.

పగలంతా నాయన దగ్గర నేనుండేవాణ్ణి. ఒక మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి, వార్డులోంచి బోరుబండి చప్పుడు వినిపించింది. నాయన దిండుకు ఆనుకుని ఫోను చూస్తున్నాడు. పక్క మంచం మీది పెద్దాయన, ఆదోని వైపు రైతు, మోకాలికి కట్టుతో ఇటు ఒరిగి చూస్తున్నాడు.

"ఏమప్పా, రంగు మారినాదా?"

"యాడ? తెల్లదుమ్మే లేస్తాండాది."

"ఇంకొంచెం పోనీ."

"పోనిస్తాండా."

నేను వెళ్లి చూశాను. ఫోన్లో చేను లేదు, జల్లెడ ఉంది. చేనంతా బొక్కలే. గట్టు పక్క, రేగుచెట్టు కింద, దారి వెంబడి, ఒక బొక్కకు ఇంకో బొక్కకు మధ్య మనిషి పడుకునే సందు లేదు. ఇన్నాళ్లూ ఆడుతూనే ఉన్నాడన్నమాట. నేను చూస్తుండగానే ఆ బోరూ ఎండిపోయింది. ఆయన నిదానంగా కొబ్బరికాయ తీసుకుని చేను తిరగడం మొదలుపెట్టాడు. కాయ ఒకచోట లేచింది. అక్కడ రాయి పెట్టాడు. బోరు వేయలేదు. మళ్లీ మొదటి మూలకు పోయి, రెండోసారి తిరగడం మొదలుపెట్టాడు.

"నాయనా, రెండోసారి ఎందుకు తిరుగుతాండావు?"

నాయన కాదు, పక్క మంచం పెద్దాయన జవాబు చెప్పాడు. "ఒకని మాట మీద ఎవురన్నా బోరేస్తారేమప్పా? ఒకడు పాయింటు పెట్టినాక ఇంకొకనితో సూపియ్యాల. ఇద్దరిదీ కలిస్తేనే బండిని పిలిచేది."

"వానికేం తెలుసులే," అన్నాడు నాయన ఫోనులోంచి తల ఎత్తకుండా. "వానిది కంప్యూటర్లో పని."

నాకు తెలుసు. చిన్నప్పుడు కొబ్బరికాయతో ఒకాయన, వేపపుల్లతో ఇంకొకాయన, మా చేలో వేరువేరుగా తిరగడం నేను కళ్లారా చూశాను. ఇద్దరిదీ కలిసినచోట నాయన మొహం ఎలా వెలిగేదో కూడా చూశాను. ఆ తప్పు దొరికిన రోజు మాత్రం అది నాకు గుర్తుకు రాలేదు. హాస్టల్లో పెరిగిన అన్నకు గుర్తుండే అవకాశమే లేదు. మామూలు మనిషి రెండుసార్లు తిరగడని మేం తీర్మానించుకున్నాం. మేం ఆట చేసిందేమో రెండుసార్లు తిరిగే మనిషి కోసం.

మంచం మీద కూర్చున్నాను. "నాయనా, ఇది బగ్గు."

"అంటే?"

"ఆటలో తప్పు. కాయతో రెండోసారి తిరిగితే నీళ్లు చెరిగిపోతాయి. ఇంక నువ్వెన్ని బోర్లేసినా పడవు. మాకు ముందే తెలుసు. ఎవురూ రెండోసారి తిరగరులే అనుకున్నాం."

నాయన ఫోను దుప్పటి మీద పెట్టాడు.

"అంటే మొదట్లో ఈ చేలో నీళ్లుండెనా?"

"ఉండె. నువ్వు రెండోసారి తిరిగేదాకా ఉండె."

"నేను నా రాతేమో అనుకుంటి," అన్నాడు. "ఇదేందిరా, ఫోన్లోకి గూడా ఎంటపడి వచ్చినాదే అనుకుంటి."

పక్క మంచం పెద్దాయన పడీపడీ నవ్వాడు. నాయనా నవ్వాడు, నవ్వు దగ్గయింది. నేను కూడా నవ్వి, నీళ్ల సీసా తెస్తానని బయటికి వచ్చాను. సీసా మంచం కిందే ఉంది.

బస్సు ఆగకపోతే ఆయన బస్సునన్నాడు. మేక గోడలో దూరితే మేకనన్నాడు. నీళ్లు పడకపోతే మాత్రం తననే అనుకున్నాడు. ఏడాదిపాటు ఎరువుల అంగట్లో కూర్చుని, కొడుకు చేసిన ఆటలో కూడా తన రాత ఇంతేనని ఒప్పుకుని, ఆ మాట కొడుకుతో అంటే బాధపడతాడని పడతాయిలే పడతాయిలే అంటూ వచ్చాడు. మామూలు ఆటగాడైతే ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చి, మా అమ్మానాన్నలను కూడా కలిపి నాలుగు తిట్లు రాసి, ఆటను తీసిపారేసేవాడు. తిట్టడం కూడా ఒక హక్కే. తప్పు అవతలివాడిదై ఉండొచ్చని తెలిసినవాళ్లకే అది ఉంటుంది.

ఆటల్ని తప్పులతో వదలొచ్చా అని నన్నెవరైనా అడిగితే, ఇప్పటికీ వదలొచ్చనే అంటాను. కాని మాకు తెలిసిన తప్పును ఆడేవాడికి కూడా చెప్పి వదలాలి. అదొక్కటీ చెప్పకపోతే, ఎక్కడో ఒక మనిషి దాన్ని తీసుకుపోయి తన తప్పుల్లో కలుపుకుంటాడు.

నాయన నాతో అన్నకు చెప్పొద్దన్నాడు. ఆయన ఆ మాట అనేటప్పటికే నేను వరండాలోంచి ఫోను చేసి చెప్పేశాను. సిగ్నలు పోయిందేమోనని రెండుసార్లు హలో అన్నాను.

"ఎన్ని బోర్లేసినాడు?"

"మన ఇంట్లో లెక్క చెప్పం గదన్నా."

వాడు పాత ఫైళ్లు తీసి, పని ఎగ్గొట్టి, చేను లెక్కంతా తిరగరాశాడు. కాని ఆ మార్పు కొత్తగా ఆట మొదలుపెడితేనే పనిచేస్తుంది. పాత చేనును తుడిచేసి, ఇంకో చేను తీసుకోవాలి. నాయనకు చెప్పాను.

"ఈ చేనునేం చేస్తారు?"

"పోతాది. కొత్తది వస్తాది. దాంట్లో నీళ్లు గ్యారంటీ."

"ఇంత కష్టపడినాక దీన్ని ఇడిసిపెట్టి పొమ్మంటావా?" అన్నాడు. ఒకసారి నిజంగానే ఒక చేనును విడిచిపెట్టి వచ్చిన మనిషితో నేనేం వాదించగలను? పక్క మంచం పెద్దాయన కూడా ఆయన వైపే ఉన్నాడు. ఇద్దరు రైతులు ఒక మాట మీదుంటే దేవుడు దిగివచ్చినా లాభం లేదు.

అన్న బెంగళూరు నుంచి బస్సెక్కి వచ్చాడు. వస్తూ దారిలో, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, నాయన ఒక్కడి ఫోను కోసం ఆటను మార్చాడు. ఆ పాత చేలోనే, బొక్కల మధ్య మిగిలిన జాగాలో, తర్వాత వేసే బోరుకు నీళ్లు పడేటట్టు. వార్డులోకి వచ్చి నాయన కాళ్ల దగ్గర కూర్చుని, ఏమీ తెలియనట్టు, "ఫోను ఒకసారి ఇట్లియ్యి నాయనా, సెట్టింగు చూస్తా," అన్నాడు. వాడికి నటన రాదు. నాయనకు వచ్చు. ఏమీ ఎరగనట్టు ఇచ్చాడు.

నాయన కాయతో ఒకసారి తిరిగాడు. రెండోసారి తిరిగాడు. రెండుసార్లూ కాయ ఒకేచోట లేచింది. పక్క మంచం పెద్దాయన, "కలిసినాది, కలిసినాది," అన్నాడు. బోరుబండి దిగింది. తెల్లదుమ్ము లేచింది. అన్న మంచం కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు. వాడు రాసిందే, వాడికి తెలిసిందే, అయినా వాడి మొహం చేను గలవాడి మొహంలా అయిపోయింది. దుమ్ము రంగు మారింది. ముద్దలు పడ్డాయి. తర్వాత నీళ్లు, రేగుచెట్టుకంటే ఎత్తుకు, తెల్లగా, చప్పుడు చేస్తూ లేచాయి.

వార్డులో ఎవరో చప్పట్లు కొట్టారు. నర్సమ్మ వచ్చి ఏమైందని అడిగి, తానూ వంగి చూసింది. నాయన నీళ్లను చూస్తున్నాడు. అన్న ఆయన మొహాన్ని చూస్తున్నాడు. నేను ఆ ఇద్దర్నీ చూసి, పాడుచేయడానికి ఒక మాట వెతుక్కున్నాను. దొరకలేదు.

"ఎవురు పోసినారు?" అన్నాడు నాయన చివరికి.

"ఎవురూ పోయలేదు నాయనా. పడినాయి."

"ఊఁ," అన్నాడు. ఆ ఒక్క ఊఁ లో అన్నీ ఉన్నాయి, నమ్మకం తప్ప. తర్వాత అన్న తలమీద చెయ్యి పెట్టి, "బాగుండాయప్పా. శానా బాగుండాయి," అన్నాడు.

నీళ్లు చేనంతా పారాయి. బొక్కలన్నీ నిండాయి. గట్టు దాకా వచ్చాయి. నాయన నుదురు ముడిపడింది.

"ఇంక సాల్లే, ఆపు."

అన్న ఫోను తీసుకున్నాడు. అక్కడ నొక్కాడు, ఇక్కడ నొక్కాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఆపే మీట లేదు. నీళ్లు పడటం గురించి వాడు అన్నేళ్లు ఆలోచించాడు కాని, పడిన నీళ్లను ఆపడం గురించి మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఆలోచించాల్సిన అవసరం రాలేదు.

"మీట పెట్టలేదు నాయనా. రేపు పెడతా."

"రేపటిదాకా పారబెడతావా? రాత్రంతా పోతే పక్కచేనోళ్ల పైరు మునుగుతాది. వానికేం జవాబు చెప్తావు?"

"పక్కచేను లేదు నాయనా, బొమ్మే అది."

"నీళ్లు పోతాండాయి గదరా," అన్నాడు నాయన. గొంతులో నిజమైన ఆదుర్దా. "అట్ల వదిలేస్తారా ఎవురన్నా? ఆపు రా, ఆపు."

అన్న మళ్లీ అక్కడా ఇక్కడా నొక్కాడు. అప్పుడు నాయనే ఫోను లాక్కుని, పక్కనున్న మీటను గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. ఫోనే ఆగిపోయింది. నల్లబడ్డ అద్దాన్ని ఒకసారి చూసుకుని, తృప్తిగా దిండు కింద పెట్టుకున్నాడు.

"ఇంకెవురన్నా ఇట్లే రెండుసార్లు తిరిగినోళ్లుంటారు," అన్నాడు కళ్లు మూసుకుని. "వాళ్లకు చెప్పండి, వాళ్ల తప్పు గాదని."

ఆ తర్వాత ఫోను తెరవలేదు. ఎవరైనా మాట్లాడాలంటే నా ఫోనుకే చేయమన్నాడు. తెరిస్తే నీళ్లు వృథా అవుతాయని పక్క మంచం పెద్దాయనకు చెప్పాడట. ఆయన సబబేనన్నాడట. వారం తిరక్కముందే నాయన పోయాడు.

దినాలయ్యాక అన్న ఆటను అందరి కోసం బాగుచేసి వదిలాడు. ఇలాంటప్పుడు కింద ఒక మాట రాయాలి, ఏం మార్చామో. మా వృత్తిలో అందరూ "చిన్నచిన్న లోపాలు సవరించాం" అని రాస్తారు. అన్న అది రాయలేదు. "కొబ్బరికాయతో రెండుసార్లు తిరిగినవాళ్లకు ఈ ఆటలో నీళ్లు పడలేదు. మాకు తెలిసీ వదిలాం. తప్పు మాది, మీది కాదు," అని రాశాడు. దాన్ని ఎవరైనా చదివారో లేదో తెలీదు. బస్సు ఆగడం లేదని మాత్రం ఇంకొకరు తిట్టారు.

ఆపే మీట కూడా తయారుచేశాడు. నాయన ఫోన్లో ఎక్కిస్తానని ఇంటికి వచ్చినప్పుడల్లా అడుగుతాడు. ఎక్కించాలంటే ముందు ఫోను తెరవాలి, తెరిస్తే మీట పడేలోపల నీళ్లు పారతాయి. అమ్మ ఒప్పుకోదు. ఫోను అల్మారాలో నాయన కళ్లజోడు పక్కన, ఆపేసినట్టే ఉంది.

అమ్మ అల్మారా తుడిచేటప్పుడు దాన్ని రెండు చేతులతో, అంచుదాకా నింపిన చెంబును ఎత్తినట్టు, ఒక పక్కకు ఒరగనివ్వకుండా ఎత్తి, మంచం మీద పెడుతుంది. తుడిచాక మళ్లీ అలాగే తీసుకొచ్చి లోపల పెడుతుంది. ఒలికేదేమీ లేదమ్మా అని నేను ఇంతవరకు అనలేదు. ఇలాంటివి కనిపెట్టి చెప్పడమే నా ఉద్యోగం అయినా.